నీ గద్ద, నా చిరుత

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మునీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఎవరో అరబ్బాయన చేతి మీద డేగ, దాని తలకి తోలు టోపీ, కాలికి తాడు, పక్కన ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నువ్వు. కింద ఒకే ఒక్క ముక్క: "ఇప్పుడైనా ఒప్పుకుంటావా?" అబుదాబి పోయి పదేళ్ళయినా, నెత్తి మీద వెంట్రుకలన్నీ పోయినా, గద్ద గొప్పా, చిరుత గొప్పా అన్న ఆ పందెం మాత్రం నిన్ను వదల్లేదన్నమాట.

ఫోన్లో జవాబిస్తే సగం చదివి థంబ్ బొమ్మ పెట్టేస్తావు. మా బావమరిది శుక్రవారం మీ ఊరికే వస్తున్నాడు. అమ్మ నీకోసం ఇచ్చిన ఆవకాయ డబ్బాతో పాటు ఈ కాగితాలు కూడా వాడి పెట్టెలో పెడతాను. తీరిగ్గా చదువు. చదివాక తిట్టు.

పందెం ఎట్లా మొదలైందో నీకు గుర్తుందా? మీ అవ్వ పెరట్లో పదకొండు కోడిపిల్లలు. ఆమె చెరువుకి బట్టలుతకడానికి పోతూ, "గద్ద తిరుగుతా ఉంది, చూసుకోండిరా" అని మనిద్దరినీ కాపలా పెట్టింది. మనం గోలీల్లో పడిపోయాం. తల్లికోడి ఉన్నట్టుండి గొంతు మార్చి అరిచింది. పిల్లలన్నీ పరిగెత్తి దాని రెక్కల కింద దూరాయి, ఒక్కటి తప్ప. నేల మీద ఒక నీడ పడింది, జరిగింది, అంతే. పిల్ల లేదు. నేను ఏడుపు లంకించుకున్నాను. నువ్వు మెడ వెనక్కి వాల్చి, "అబ్బ, ఏం దిగిందిరా!" అన్నావు. మీ అవ్వ వచ్చి చీపురు తిరగేసి ఇద్దరికీ సమానంగా వడ్డించింది. ఆ దెబ్బలు తింటూ కూడా నువ్వు గద్ద పార్టీలో చేరిపోయావు.

నేనేమో అంతకు ముందే పులి పార్టీ. పీర్ల పండక్కి ఒళ్ళంతా పసుపూ నలుపూ పూసుకుని, డప్పు దెబ్బకి తోక ఊపుతూ వచ్చే పులివేషగాడి వెనక ఊరంతా తిరిగినవాణ్ణి. ఆయన వేషం కడుక్కున్నాక మామూలు మనిషైపోవడం చూసి రెండు రోజులు అన్నం తినలేదు నేను.

తర్వాత నువ్వు ప్రతి ఏడూ బ్రహ్మోత్సవాల్లో ఒకే అస్త్రం వేసేవాడివి. సింహ వాహనం మూడో రోజు పొద్దున, గరుడ వాహనం ఐదో రోజు రాత్రి. "ఏ రోజున కొండ మీద కాలు పెట్టే సందు ఉండదో చెప్పు చూద్దాం" అనేవాడివి. నేను నోరు మూసుకోవాల్సి వచ్చేది. సింహం వేరు, చిరుత వేరు అని అప్పట్లో వాదించడం తెలియలేదు.

ఇప్పుడు అసలు సంగతి. రెండు నెలల కిందట మా ఇంటికి చిరుత వచ్చింది.

వచ్చింది అంటే నేను చూశానని కాదు. అక్కడే ఉంది కథంతా. మేముండేది జీవకోన పక్కన కదా, మా వీధి చివర గోడ దాటితే కొండే. మోటారు స్విచ్ గేటు పక్కన బయటి గోడకి ఉంటుంది. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్విచ్ వేసి మళ్ళీ పడుకుంటాను. ఆ రోజూ అంతే. మధ్యాహ్నం ఎదురింటి సారు నన్ను పిలిచి, మాట్లాడకుండా తన సీసీ కెమెరా రికార్డు పెట్టి చూపించాడు.

4 గంటల 9 నిమిషాలకి గోడ మీద నుంచి ఏదో జారినట్టు దిగింది. దూకలేదురా, నీళ్ళు కారినట్టు కారింది. ఆగి ఉన్న ఆటో నీడలోకి వచ్చి పడుకుంది. 4 గంటల 12 నిమిషాలకి తెరమీదికి నేను వచ్చాను. లుంగీ, ఆవులింత, వీపు గోక్కోవడం, అన్నీ వివరంగా పడ్డాయి. స్విచ్ వేశాను. చంద్రుణ్ణి చూశాను. ఆటోకీ నాకూ మధ్య పది అడుగులు ఉంటాయేమో. ఆటో కింద రెండు దీపాలు వెలుగుతున్నాయి, అవి నా వైపే తిరిగి ఉన్నాయి. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. రెండు నిమిషాలు ఆగి అది లేచి, ట్రాన్స్‌ఫార్మర్ వైపు నడిచింది. అక్కడ పడుకునే ఎర్రకుక్క ఆ రోజు నుంచి కనబడలేదు.

ఆ వీడియో చూశాక మూడు రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. భయం ఒక ఎత్తు, అవమానం ఒక ఎత్తు. ముప్పై ఏళ్ళుగా దాని తరఫున నీతో వాదించాను. అది నన్ను రెండు నిమిషాలు తీరిగ్గా చూసింది. నేను దాన్ని ఇంతవరకూ ఒక్కసారి కూడా చూడలేదు!

అటవీశాఖ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఇసుకలో పడిన అడుగు చూపించి, కుక్కదీ దీనిదీ తేడా చెప్పాడు. కుక్క అడుగులో వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు పడతాయి. చిరుత అడుగులో పడవు. నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుని ఉంటాయి, అవసరం వచ్చినప్పుడే బయటికి వస్తాయి. ఇంకో మాట కూడా చెప్పాడు: ముందు కాలు పెట్టిన చోటే వెనక కాలు పెడుతుందట. ముందు కాలికి ఎండుటాకు తగలకపోతే వెనక కాలికీ తగలదు. అరికాళ్ళు మెత్తటి దిండ్లు. ఇంక చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒంటి మీది మచ్చలు కూడా అందం కోసం కాదు. చెట్టు కింద ఎండ పడితే నేల మీద ఎట్లా పొడలు పొడలుగా ఉంటుందో, దాని ఒళ్ళు అట్లాగే. ఒక్కో మచ్చా నిండు చుక్క కాదు, నాలుగైదు చిన్న మచ్చలు గుండ్రంగా చేరిన పువ్వు. నిండు చుక్కలుండి, కంటి మూల నుంచి నోటిదాకా కాటుక కారినట్టు నల్ల చార ఉంటే అది చీటా. 2022లో మధ్యప్రదేశ్ కూనోకి ఆఫ్రికా నుంచి తెచ్చింది వాటిని. మన దగ్గర రెంటినీ చిరుతే అనేస్తారు. వార్త తిరుపతి చిరుతది, పక్కన వేసే బొమ్మ ఆఫ్రికా చీటాది. ఇట్లాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అది వేరే గొడవ.

ఆటో కింద వెలిగిన ఆ దీపాల సంగతి చెప్తాను. పిల్లి జాతికి కంటి వెనక అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగు ఒకసారి వాడుకుని, ఆ పొరకి తగిలి తిరిగి వస్తుంటే మళ్ళీ వాడుకుంటుంది. మనకి కావాల్సిన వెలుగులో ఆరో వంతు ఉంటే చాలు, పని జరిగిపోతుంది. మనకి వీధిలైటు కావాలి, దానికి నక్షత్రాలు చాలు. దగ్గరికి పాకి, నాలుగు దూకుల దూరం మిగిలాక లేస్తుంది. గొంతు పట్టుకుని ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఆ తర్వాత తన బరువంత జంతువుని నోట కరుచుకుని చెట్టెక్కుతుంది. మగదైతే యాభై, అరవై కిలోలు ఉంటుంది. అంత బరువు పళ్ళతో పట్టుకుని నిట్టనిలువు మాను ఎక్కడమంటే ఊహించుకో. నేను గ్యాస్ సిలిండర్ మెట్లెక్కించి నాలుగు రోజులు నడుం పట్టుకుని తిరిగినవాణ్ణి. ఎందుకెక్కిస్తుందంటే, కింద వదిలితే రేచుకుక్కలో ఇంకొకటో వచ్చి లాక్కుంటాయి. అంత మొనగాడికీ తన తిండి దాచుకోక తప్పదు.

2023లో ఏం జరిగిందో నువ్వు అక్కడి నుంచే వార్తల్లో చూసి ఉంటావు. జూన్‌లో అలిపిరి నడకదారిలో ఒక పిల్లవాడిని పట్టుకుంది. జనం అరిస్తే వదిలేసింది, వాడు బతికాడు. ఆగస్టులో ఒక చిన్నపాప బతకలేదు. తర్వాత బోన్లు పెట్టి వరసగా చిరుతల్ని పట్టారు. మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని నడకదారిలోకి వదల్లేదు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. ఆ రోజుల్లోనే అమ్మ మొక్కు తీర్చడానికి నేనూ ఎక్కాను. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా జోకులేసుకున్నాం. ఏడో మైలు దగ్గర అందరి నోళ్ళూ మూతపడ్డాయి. అంతలో వెనక ఎవరో గోవిందా అన్నారు, కొండ దద్దరిల్లేలా అందరం అందుకున్నాం. భక్తి ఎంతో, భయం ఎంతో స్వామికే తెలియాలి. పక్కనే పొద. ఆ పొదలో ఏమీ కనబడదు. కనబడకపోవడమే కదా భయం!

గద్దని చూసి ఎవడైనా గుంపుగా నడుస్తాడా? నడవడు. చేతులెత్తి మొక్కుతాడు. మన పక్క గుళ్ళలో కుంభాభిషేకం జరిగితే కలశం మీద నీళ్ళు పోసే వేళకి జనమంతా ఆకాశం వైపే చూస్తారు. ఒక గరుడ పక్షి తిరిగిందా, ఆడవాళ్ళు చెంపలేసుకుంటారు. ఎర్ర ఇటుక రంగు ఒళ్ళు, తెల్ల తల, తెల్ల రొమ్ము. రాయలచెరువు కట్ట మీద పొద్దున పూట నిలబడు, అదే పక్షి చేపలూ ఎండ్రకాయలూ ఏరుకుంటూ కనబడుతుంది. చచ్చిన చేపనైనా వదలదు. అందుకని మొక్కొద్దని కాదు. నేనూ మొక్కుతాను.

చిరుత వచ్చిపోయాక నాకొక కొత్త అలవాటు అయింది. ఆదివారాలు తొమ్మిదిన్నరకి కాఫీ గ్లాసు పట్టుకుని మిద్దెక్కుతాను, కొండని చూస్తూ కూర్చుంటాను. చిరుత కనబడుతుందనే మొదట్లో ఎక్కాను. కనబడింది మాత్రం నీ గద్ద.

పొద్దెక్కి ఆ ఎర్రరాతి గోడ వేడెక్కితే గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ముందు మామూలు గద్దలు వస్తాయి, తోక చీలి ఉండేవి. తర్వాత ఇంకా పెద్దది ఒకటి వస్తుంది. పాముల్ని తినే గద్ద, రెక్కల కింద వెడల్పాటి తెల్ల పట్టీ. రెక్క ఒక్కసారి కూడా ఆడించకుండా, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. పోతూ ఊరంతా వినబడేలా ఈల వేస్తుంది! నా చిరుత ఊపిరి కూడా లెక్కబెట్టుకుని తీస్తుంటే, ఇది ఇంత గోల చేస్తే దీనికి తిండి ఎట్లా దొరుకుతుందిరా అనుకున్నాను.

తర్వాత తట్టింది. ఆ ఈల వేట కోసం కాదు. వేటకైతే అది కొమ్మ మీద కదలకుండా కూర్చుని కిందికి చూస్తుంది, పాకేదేదైనా కనిపెడుతుంది. ఆ చూపు కోసమే పక్షి మొత్తం తయారైంది. తలకాయలో ఎక్కువ చోటు కళ్ళదే. కనుగుడ్లు గూట్లో బిగుసుకుని ఉంటాయి, అటూ ఇటూ పెద్దగా తిరగవు. అందుకే తల తిప్పుతూ చూస్తుంది. మన కంట్లో బాగా స్పష్టంగా చూసే గుంట ఒక్కటే, గద్ద కంట్లో రెండు: ఒకటి ఎదుటికి, ఒకటి పక్కకి. ఎనిమిది రెట్ల చూపని చెప్పేవాళ్ళున్నారు, నమ్మకు. ఆస్ట్రేలియాలో ఒక పెద్ద గద్దని పరీక్ష చేస్తే మన చూపుకి రెండున్నర రెట్లు తేలింది. అది చాలదా? ఇక ఆ కోపంగా చూసే మొహం ఉంది చూడు, అది కోపం కాదు. కంటి మీదికి ముందుకొచ్చిన ఎముక, ఎండకి గొడుగు. ఎలుక మీద దానికి ఏ కోపమూ లేదు.

పొద్దు గూకితే మాత్రం ఈ మొనగాడు కొమ్మెక్కి కూర్చోవాల్సిందే. చీకట్లో దాని చూపు పనికిరాదు. సరిగ్గా అప్పుడే నా వాడు లేచి ఒళ్ళు విరుచుకుంటాడు.

నువ్వు ఇక్కడ అడ్డం తగులుతావని తెలుసు. "మరి గుడ్లగూబో?" అంటావు. నిజమే, అది నీ పార్టీలో పుట్టి నా పార్టీలో పని చేస్తుంది. చీకట్లో వేట, రెక్కల అంచులు కుచ్చుల్లా మెత్తగా, ఎగిరినా చప్పుడు ఉండదు. మన వీధి చింతచెట్టు మీద ఉండే చిన్న డేగ కూడా ఆకుల్లో నక్కి ఉడత మీద పడుతుంది. ఆ రెంటినీ నాకు వదిలెయ్యి, మిగతా ఆకాశం నువ్వు తీసుకో.

మీ అవ్వ ఆ రోజు ఏమంది? "గద్ద తన్నుకుపోయింది" అంది. ఈ మాట పుట్టించినవాడు ఎవడో గాని వాడికి దండం పెట్టాలి. పొడుచుకుపోయింది అనలేదు, కరుచుకుపోయింది అనలేదు. గద్ద చంపేది నిజంగా కాళ్ళతోనే. ముక్కు తర్వాత, చీల్చుకుని తినడానికి. వెనక వేలి గోరు అన్నిటికన్నా బలమైంది. కాలి నరం లోపల గళ్ళు గళ్ళుగా ఉండి, ఒకసారి వేళ్ళు ముడుచుకుంటే బిగుసుకుపోతుంది. పట్టు నిలపడానికి వేరే బలం పెట్టక్కర్లేదు. చిరుతకి నోరే చెయ్యి, గద్దకి కాలే నోరు. కాకపోతే నీ గద్ద తన్నుకుపోయింది కోడిపిల్లని. చిన్నపిల్లల్ని ఎత్తుకుపోతుందని చెప్పే కథలన్నీ కథలే. రెండు కిలోల పక్షి తన బరువంత బరువుతో ఎగరాలంటేనే తంటాలు పడుతుంది. నా వాడు తన బరువుని చెట్టెక్కిస్తాడని ఇందాకే చెప్పాను. ఈ పాయింట్ నాదే, రాసుకో.

ఇంకో సంగతి మా చెల్లెమ్మకి చదివి వినిపించు. వేటాడే పక్షుల్లో చాలావాటికి ఆడదే పెద్దది, బలమైనది. నీ ఫొటోలో ఉన్నదీ ఆడదే అయ్యుంటుంది. వేటకి పెంచేవాళ్ళు ఎక్కువగా వాటినే కోరుకుంటారు. గూటి దగ్గర మాత్రం ఇద్దరూ కష్టపడతారు, ఒకరు కూర్చుంటే ఇంకొకరు తెస్తారు. చిరుతల్లో మగవాడు పెద్ద, పిల్లల ముఖం మాత్రం చూడడు. తల్లి ఒక్కతే ఏడాదిన్నర, రెండేళ్ళు తిప్పి వేట నేర్పుకుంటుంది. ఈ లెక్కలో నువ్వు గెలిచావు. నేను మా ఆవిడకి చెప్పలేదు.

ఇప్పుడు నీ ఫొటో సంగతి. ఆ డేగ తలకి టోపీ ఎందుకు పెట్టారో ఆ షేకుని అడిగావా? కళ్ళు మూస్తే అది చేతి మీద బొమ్మలా కూర్చుంటుంది, బెదరదు, ఎగరదు. దాని బలమంతా ఎక్కడుందో వాళ్ళకి తెలుసు, అక్కడే తాళం వేశారు. అక్కడ డేగలకి పాస్‌పోర్టు కూడా ఇస్తారటగా? నాకు ఆర్నెల్లు పట్టిందిరా పాస్‌పోర్టుకి!

డేగ అంటే గుర్తొచ్చింది. పోయిన నెల పిల్లల్ని చంద్రగిరి కోటకి తీసుకెళ్ళాను. మనం రాజమహల్ మెట్ల మీద చింతకాయలు తిన్న చోటే. పిల్లలు పరిగెత్తుతుంటే నేను చెట్టు కింద కూర్చుని పక్కనున్న ఒక పెద్దాయనతో మాటల్లో పడ్డాను. ఆయన తెలుగు మాష్టారుగా చేసి రిటైరయ్యాడట. "సాళువ నరసింహరాయలు ఇక్కడి నుంచే కదా విజయనగరం గద్దెక్కింది, 1485లో. సాళువ అంటే ఏమిటో తెలుసా బాబూ?" అన్నాడు. తెలియదన్నాను. "డేగ. వేటకి పెంచే డేగ. అది వాళ్ళ బిరుదు, ఇంటి పేరైపోయింది."

ఇంటికి వస్తుంటే దారిలో వెలిగింది. సాళువ, నరసింహ. ముందు నీ డేగ, వెనక నా సింహం. సింహం చిరుతకి పెద్దనాన్న కొడుకే కదా, ఆ మాత్రం చుట్టరికం ఒప్పుకో. మనిద్దరం ఆ కోట గోడ మీద కూర్చుని గొంతులు చించుకుని కొట్టుకున్నాం, పైన ఏది గొప్ప, కింద ఏది గొప్ప అని. ఆ కోటని ఏలినవాడు అయిదొందల ఏళ్ళ కిందటే రెంటినీ ఒకే పేరులో పెట్టుకుని పోయాడు.

నన్నడిగితే దాక్కోవడంలో నా చిరుతని కొట్టేవాడు లేడు, కనిపెట్టడంలో నీ గద్దని కొట్టేవాడు లేడు. వాటి ఒంట్లో ప్రతి ముక్కా ఆ ఒక్క విద్య కోసమే ఉంది. ఏది గొప్ప అని మళ్ళీ అడిగితే, పగలు నీదే. తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకి మాత్రం నాదే.

బ్రహ్మోత్సవాలకి రా. ఈసారి సింహ వాహనానికీ, గరుడ సేవకీ రెంటికీ పోదాం. మీ అవ్వ ఉండుంటే ఆమెనీ తీసుకెళ్ళేవాళ్ళం. ఆ కోడిపిల్ల బాకీ మనం ఇప్పటికీ తీర్చలేదు.

ఆవకాయ డబ్బా మూత తీసేటప్పుడు జాగ్రత్త, నూనె పైదాకా పోసింది అమ్మ. మోటారు స్విచ్ ఇంట్లోకి మార్పించాను. ఎలక్ట్రీషియన్ కుర్రాడు, "బయట బాగానే ఉందిగా అన్నా, ఎందుకు మార్చడం?" అన్నాడు. వీడియో చూపించాను. మారు మాట్లాడకుండా పని మొదలుపెట్టాడు. సాయంత్రం ఆరు కాకముందే సామాను సర్దుకుని, డబ్బులు రేపు తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు.

నీ
చెంగా